వెలిగారం పుట్టిన లోయ

చార్మినారు దగ్గర నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే చార్ కమాన్లు కనబడతాయి. ఆ చుట్టుపక్కల సందుల్లో నగలు చేసే కంసాలుల కొట్లు ఉన్నాయి. పిల్లలూ, ఈసారి అటు వెళ్ళినప్పుడు అమ్మను తొందరపెట్టక, ఒక కొట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. రెండు బంగారపు ముక్కలను అతకవలసి వచ్చినప్పుడు కంసాలి తెల్లటి రాయిలాంటి పదార్థాన్ని నీటితో అరగదీసి, ఆ ముద్దను అతుకు దగ్గర పూస్తాడు. తరువాత ఊదుగొట్టంతో మంట ఊదుతాడు. తెల్లముద్ద మొదట పేలాలలాగా ఉబ్బుతుంది, తరువాత కరిగి గాజులాగా మెరుస్తుంది. ముక్కలు రెండూ అతుక్కుపోతాయి. ఆ తెల్ల పదార్థమే వెలిగారం. పాతబస్తీ అంగళ్ళలో ‘సుహాగా’ అని అడిగితే ఇస్తారు. మీరు క్యారమ్ బోర్డు మీద చల్లుకునే బోరిక్ పౌడరు దీనికి దగ్గర చుట్టమే.

వెలిగారం చేసే పని చిన్నదే కాని గొప్పది. బంగారంలో కలిపిన రాగి మంటలో వేడెక్కగానే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నల్లటి పొర కడుతుంది. పొర ఉంటే అతుకు పడదు. కరిగిన వెలిగారం ఆ పొరను తనలో కలిపేసుకుని లోహాన్ని శుభ్రంగా ఉంచుతుంది.

మరి ఈ వెలిగారం ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు టర్కీ, అమెరికా దేశాల నుంచి ఓడల మీద వస్తున్నది. ఓడలలో రాని రోజుల్లో మాత్రం హిమాలయాల వెనక నుంచి, కనుమలు దాటి, గొర్రెల వీపుల మీద దిగివచ్చేది. దాని స్థానాలు టిబెట్టులో కొన్ని, మన దేశంలోని లడఖ్‌లో ఒకటి. లడఖ్‌లో ఉన్న ఆ చోటు పేరు పూగా లోయ. అక్కడ నేలలోంచి సలసల కాగే నీళ్ళు వస్తాయి. పక్కనే ఒక కనుమ దాటితే ఉప్పు సరస్సు ఒకటి ఉన్నది. ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు ‘ఉష్ణ కుండములు, ఉప్పు సరస్సులు’ అని నల్లబల్ల మీద రాసి చెప్పాను గాని, ఆ రెండింటినీ ఒకచోట చూసింది మటుకు ఉద్యోగ విరమణ చేసిన తరువాతనే.

నాతో పనిచేసి రిటైరయిన సైన్సు సారు కూడా వచ్చారు. ఆయన సంచిలో ఉష్ణమాపకం, నా సంచిలో నాలుగు పొట్లాల ఉస్మానియా బిస్కట్లు.

హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. లడఖ్ ముఖ్యపట్టణం లే 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. పొద్దున ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నర లోపల ఆ ఎత్తున దించుతారు. శరీరానికి ఇది పెద్ద దెబ్బ. అక్కడ గాలి పల్చన. ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు తక్కువ. అందుచేత లేలో దిగిన వాళ్ళు రెండు మూడు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి. ‘మాకేం, మేం గట్టివాళ్ళం’ అని పరుగెత్తే వాళ్ళకే ముందు తలనొప్పి, వాంతులు వస్తాయి. ముఖ్యంగా నా వయసు వాళ్ళు వైద్యుణ్ణి అడిగిన తరువాతే బయలుదేరాలి. మేం మూడు రోజులు కిటికీ పక్కన కూర్చుని కొండలను చూస్తూ గడిపాం. ఉస్మానియా బిస్కట్ల పొట్లాలు అప్పటికే బుడగల్లా ఉబ్బిపోయాయి. లోపల ఉన్నది హైదరాబాదు గాలి, బయట ఉన్నది లే గాలి. లోపలి గాలి తోస్తుంటే తిరిగి తోసే బలం బయటి గాలికి లేదు. దీనికంటె మంచి ప్రయోగం నేను బడిలో ఎన్నడూ చేసి చూపించలేదు.

ఎడారి అనగానే మీకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తుకు వస్తాయి. ఎడారి అంటే వాన లేని నేల అని మాత్రమే అర్థం. చలిదేశంలో కూడా ఎడారి ఉండవచ్చు. హైదరాబాదులో ఏడాదికి ఇంచుమించు 80 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. లేలో పది సెంటీమీటర్లు కురిస్తే గొప్ప. దక్షిణం నుంచి వచ్చే మేఘాలను హిమాలయాలు అడ్డగించి, ఉన్న నీరంతా అవతలి వైపునే పిండేసుకుంటాయి. ఇవతలకు వట్టి గాలి వస్తుంది. అంచేత ఇక్కడి కొండల మీద చెట్టు లేదు, చేమ లేదు. కొండ ఒళ్ళంతా విప్పి చూపించినట్టు రాతి పొరలు పసుపుపచ్చగా, ఊదాగా, ఆకుపచ్చగా కనబడతాయి.

నాలుగో రోజు కారులో బయలుదేరి సింధునది ఒడ్డు పట్టుకుని పైకి పోయాం. ఉప్షి దాటాక లోయ ఇరుకవుతుంది. చుమాథాంగ్ అనే ఊళ్ళో నది ఒడ్డునే ఆవిరి లేస్తున్నది. ఒక పక్క మంచు కరిగిన నది, చెయ్యి పెడితే కొంకర్లు పోతాయి. నాలుగు అడుగుల ఇవతల చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి. అక్కడ టీ తాగి, మాహే దగ్గర వంతెన దాటి, సుమ్‌దో మీదుగా మధ్యాహ్నానికి పూగా చేరుకున్నాం.

పూగా లోయ ఎత్తు సుమారు 4,400 మీటర్లు. రెండు పక్కలా బోడికొండలు, మధ్య పచ్చటి గడ్డి, గడ్డి మధ్య వంకర్లు తిరిగే వాగు. కారు దిగగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమన్నది. అది గంధకం కలిసిన వాయువు వాసన. వాగు పొడుగునా పది చోట్ల, ఇరవై చోట్ల కాదు, లెక్క తప్పేటన్ని చోట్ల పొగలు లేస్తున్నాయి. కొన్ని గుంటల్లో నీళ్ళు బుడబుడమంటున్నాయి. కొన్ని చోట్ల బురద ఉడుకుతున్నది. ఒకచోట నీరు గట్టిగా ఎగజిమ్ముతున్నది. నేల మీద అక్కడక్కడ పసుపుపచ్చటి గంధకం, ఇంకా చాలా మేర తెల్లటి పొడి. సైన్సు సారు ఆ తెల్లపొడిని చిటికెడు తీసి కాగితం మీద వేసుకుని, “సార్, మన చార్ కమాన్ సరుకు!” అన్నారు.

అదే వెలిగారం. లోపలి వేడినీరు రాళ్ళలోని పదార్థాలను కరిగించుకుని పైకి తెస్తుంది. నీరు ఎండలో ఆవిరైపోతుంది, తెచ్చిన మూట నేల మీద దింపేసిపోతుంది. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అనే ఆంగ్లేయుడు 1854లో అచ్చువేసిన లడఖ్ పుస్తకంలో ఈ లోయ వెలిగారాన్ని, గంధకాన్ని గురించి రాశాడు.

ఉష్ణమాపకాన్ని పొడుగాటి తాడుకు కట్టి ఒక గుంటలోకి దించాం. 84 డిగ్రీలు. “వంద లేదే?” అని మీరు అడగవచ్చు. వంద అక్కర్లేదు. నీరు వంద డిగ్రీల దగ్గర మరిగేది సముద్రపు ఒడ్డున మాత్రమే. పైనుంచి నొక్కే గాలి బరువు తగ్గినకొద్దీ నీరు ముందుగానే మరుగుతుంది. మన హైదరాబాదులో 98 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పూగా ఎత్తున 85, 86 డిగ్రీలకే. అంటే నేలలోంచి వస్తున్న ఈ నీరు ఇంచుమించు మరుగుతూనే వస్తున్నదన్న మాట. గుడ్డలో మూటకట్టి దించిన గుడ్లు చక్కగా ఉడికాయి. బియ్యం మటుకు ఎంతసేపు ఉంచినా పలుకుగానే మిగిలింది. మరిగే నీరే తగినంత వేడి కానప్పుడు అన్నం ఎలా ఉడుకుతుంది? ఇక్కడి ఇళ్ళలో ప్రెషర్ కుక్కరు అందుకే ఉంటుంది. కుక్కరు తన లోపల సముద్రపు ఒడ్డును తయారుచేసుకుంటుంది.

ఒక మాట మరిచిపోకూడదు. ఇటువంటి చోట పిల్లలు పెద్దల చెయ్యి వదలరాదు. గట్టిగా కనబడే తెల్లటి నేల చాలా చోట్ల పైపొర మాత్రమే. కింద కాగే బురద ఉంటుంది.

ఈ వేడి ఎక్కడిది? భూమి లోపలికి పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు చోట్ల కిలోమీటరుకు 25, 30 డిగ్రీల చొప్పున. పూగాలో ఆ లెక్క పనిచెయ్యదు. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం, దక్షిణం నుంచి కదిలివచ్చిన మన భారత భూఖండం ఆసియా భూఖండాన్ని ఢీకొన్నది. మధ్యన ఉండిన టెథిస్ అనే సముద్రం నలిగిపోయి, దాని అడుగు పైకి లేచింది. రెండు ఖండాలూ కలిసిన అతుకు సరిగ్గా ఈ సింధులోయ వెంబడి పోతున్నది. కంసాలి వేసిన అతుకు చల్లారిపోతుంది, ఈ అతుకు మటుకు ఇంకా చల్లారలేదు. పగుళ్ళ గుండా లోతుకు దిగిన మంచునీరు అక్కడ కాగి, మళ్ళీ పగుళ్ళ గుండా పైకి వస్తున్నది.

లోపల ఏమున్నదో తెలుసుకోవటానికి వెళ్ళిన వాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళు కూడా ఉన్నారని మీకు తెలుసా? 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఊళ్ళోనే, హబ్సిగూడ దగ్గర ఉన్నది. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 1970ల మొదట్లోనే పూగా వెళ్ళి, నేలలోకి విద్యుత్తు పంపి, ఏ పొర ఎలా అడ్డుకుంటున్నదో కొలిచారు. ఉప్పు కలిసిన వేడినీరు విద్యుత్తును సులువుగా పోనిస్తుంది, పొడిరాయి పోనివ్వదు. ఆ తేడాను బట్టి తవ్వకుండానే లోపలి సంగతి గ్రహిస్తారు. ఇదే సంస్థ వాళ్ళు 2000 తరువాత మరింత లోతు చూడగల పద్ధతితో కొలిచినప్పుడు, రెండు కిలోమీటర్ల దిగువన విద్యుత్తును బాగా పోనిచ్చే పెద్ద భాగం ఒకటి కనబడింది. ఈ లోపల భూగర్భ సర్వే వాళ్ళు 1973 మొదలుకొని ముప్పైకి పైగా రంధ్రాలు వేశారు. ఒక్కటి కూడా 400 మీటర్లు దాటలేదు. అంత పైపైనే నూరు డిగ్రీలు మించిన వేడి తగిలింది.

లోయలో సంచార జాతి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే వసతి బడి ఒకటి ఉన్నది. బడి కనబడితే నా కాళ్ళు ఆగవు. వాళ్ళ పంతులుగారి అనుమతితో పిల్లలతో కాసేపు కూర్చున్నాం. వీళ్ళు చాంగ్‌పా వాళ్ళ పిల్లలు. అమ్మానాన్నలు మేకల వెంట, గడ్డి ఎక్కడ ఉంటే అక్కడ గుడారం వేసుకుంటారు. ఆ మేకల ఒంటి మీద, చలికి తట్టుకునేందుకు పొడుగు వెంట్రుకల కింద పెరిగే సన్నటి ఉన్నే పశ్మీనా. చలి లేకపోతే పశ్మీనా లేదు.

నా హిందీ మన పాతబస్తీ హిందీ. నేను ఒక్కసారి ‘నక్కో’ అనేసరికి ఆ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. తరువాత బిస్కట్లు ఇస్తుంటే ఆటగా “నక్కో, నక్కో” అంటూనే తీసుకున్నారు.

“మేమే-లే, మీ ఊళ్ళో వేడినీళ్ళు ఎక్కడ నుంచి వస్తాయి?” అని ఒక కుర్రవాడు అడిగాడు. మేమే అంటే తాత; లే అనేది మన ‘గారు’ లాంటిది.

“మా ఊళ్ళో నేలలోంచి రావు నాయనా, పొయ్యి మీద కాచుకుంటాం,” అన్నాను.

“అంత పేడ ఎక్కడ దొరుకుతుంది?” అన్నాడు వాడు ఆశ్చర్యంగా. చెట్లు లేని దేశంలో ఎండిన పేడే కదా వంటచెరుకు!

వాడికి గ్యాసు సంగతి చెప్పి, మన భద్రాచలం దగ్గర గుండాల సంగతి కూడా చెప్పాను. అక్కడ ఎండాకాలంలో గోదావరి ఇసుకలో చేత్తో గుంట తీస్తే వేడినీరు ఊరుతుంది. వరద వచ్చినప్పుడు గోదావరి దాన్ని కప్పేస్తుంది, వరద తీశాక మళ్ళీ తవ్వుకుంటారు. అక్కడ అగ్నిపర్వతం లేదు, ఖండాల అతుకు లేదు. గోదావరి లోయ కింద భూమి పూర్వమెప్పుడో విరిగి కుంగిన చోటు అది. ఆ విరుగుళ్ళ గుండా లోతుకు పోయిన నీరు కాగి పైకి వస్తుంది. దగ్గరలోనే మణుగూరు ప్రాంతంలో బొగ్గు కోసం రంధ్రాలు వేస్తే వేడినీరు తనంతట తానే పైకి ఉబికి వచ్చింది. సింగరేణి సంస్థ పగిడేరులో ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తు తీసే చిన్న ప్రయోగ కేంద్రం పెట్టింది. ఆ నీటి వేడి చక్రం తిప్పేంత ఆవిరికి చాలదు. కనుక దానితో, ఇంకా తక్కువ వేడికే మరిగే మరొక ద్రవాన్ని కాచి, ఆ ద్రవపు ఆవిరితో చక్రం తిప్పుతారు.

“అయితే ఇక్కడ ఎన్ని దీపాలు వెలుగుతాయి?” అన్నాడు కుర్రవాడు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఇటలీ దేశంలో ఒక ఊరు ఎప్పుడో చెప్పింది. లార్దెరెల్లో అనే ఆ ఊళ్ళో కూడా పూగాలాగే వేడి ఊటలు ఉన్నాయి; వాటి నీళ్ళను మరిగించి, వెలిగారానికి చుట్టమైన బోరిక్ ఆమ్లం తీసి అమ్ముకునేవారు. 1904లో అక్కడి యజమాని ఒకాయన భూమిలోంచి వచ్చే ఆవిరితో చిన్న యంత్రం తిప్పి అయిదు దీపాలు వెలిగించాడు. ప్రపంచంలో భూమి వేడితో వెలిగిన మొదటి దీపాలు అవే. ఇప్పటికీ అక్కడ విద్యుత్తు తీస్తున్నారు. ఐస్‌లాండులోనయితే పదింట తొమ్మిది ఇళ్ళను చలికాలంలో వెచ్చగా ఉంచేది నేలలోని వేడినీరే.

పూగాలో చలికాలపు రాత్రులు సున్నాకు 30 డిగ్రీల దిగువకు పోతాయి. అంత చలిలో, కాళ్ళ కింద కొన్ని వందల మీటర్ల లోతున నీరు కాగుతూ ఉండగా, పైన పేడ పిడకలతో కాచుకోవలసి రావటం ఎవరికైనా తప్పని తోస్తుంది. నాకూ తోచింది. 2021 ఫిబ్రవరిలో ఓ.ఎన్.జి.సి. సంస్థకూ లడఖ్ పాలనా యంత్రాంగానికీ ఒప్పందం కుదిరింది: ముందు ఒక మెగావాటు విద్యుత్తు తీసి చూడాలని. 2022 ఆగస్టులో తవ్వకం మొదలయింది. కాని తవ్వుతుండగా లోపలి వేడి ద్రవం పైకి తన్నుకొచ్చి వాగులో పడింది. అప్పటికి పని ఆపవలసి వచ్చింది. ఆ ద్రవంలో గంధకము, బోరాను వగైరాలు కరిగి ఉంటాయి. వాగు పోయి సింధునదిలో కలుస్తుంది. దారి పొడుగునా మేకలు, గుర్రాలు, అడవి గాడిదలు తాగేది ఆ నీరే.

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్ద పిల్ల, అంతవరకూ నోరు విప్పనిది, మెల్లగా అన్నది: “కరెంటు రావాలి. వాగు కూడా ఉండాలి.”

ఇంజనీర్లకు ఇది అసాధ్యం కాదు. వేడి తీసుకున్న నీటిని వాగులో వదలక, మరొక రంధ్రం గుండా తిరిగి భూమి లోపలికే పంపే పద్ధతి చాలా దేశాల్లో ఉన్నది. ఖర్చు ఎక్కువ, ఓపిక కావాలి. ఆ పిల్ల అడిగిన రెంటిలో ఏ ఒక్కటీ వదులుకోనక్కర్లేదని నా నమ్మకం.

ఆ రాత్రి సుమ్‌దోలో పడుకుని, మర్నాడు పోలో కాంగ్కా అనే కనుమ ఎక్కాం. ఎత్తు ఇంచుమించు 5,000 మీటర్లు. సైన్సు సారు లెక్కలు చెప్పటం మానేశారు, మాట్లాడితే ఆయాసం. కనుమ దిగాక కొండలు దూరంగా జరిగి, మైదానం పరుచుకున్నది. ఆ మైదానం మధ్యన సున్నం పోసినట్టు తెల్లటి అంచు, అంచు లోపల నీలపు నీరు. అదే సో కార్. సో అంటే సరస్సు, కార్ అంటే తెలుపు. ఎత్తు 4,530 మీటర్లు.

ఒడ్డున నేల పెళపెళమన్నది. ఉప్పు పెచ్చు! ఇంత ఉప్పు ఎట్లా వచ్చిందో చెప్పటానికి మన హుస్సేన్ సాగర్‌నే తీసుకుందాం. హుస్సేన్ సాగర్‌లోకి నీరు వస్తుంది, నిండితే మూసీలోకి పోతుంది. మూసీ కృష్ణలో, కృష్ణ సముద్రంలో కలుస్తాయి. వాగులు రాళ్ళలోంచి కరిగించి తెచ్చే కాసింత ఉప్పు కూడా అట్లాగే సముద్రానికి చేరుతుంది. సో కార్‌కు పోయే దారి లేదు. చుట్టూ కొండలు. నీరు ఆకాశంలోకి ఆవిరై పోతుంది, ఉప్పు ఆకాశంలోకి పోలేదు. ఏటేటా కాసింత, వేల ఏళ్ళు. మీ ఇంట్లో బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే గార సంగతి కూడా ఇంచుమించు ఇదే.

నమ్మకం కుదరకపోతే దక్షిణం వైపు చూడండి. అక్కడ స్టార్ట్‌సాపుక్ అని మరో చిన్న సరస్సు ఉన్నది. దాని నీరు మంచినీరు! రెండింటికీ ఒకటే ఎండ, ఒకటే గాలి. తేడా ఒక్కటే: చిన్న సరస్సు నిండితే నీరు ఒక కాలువ గుండా సో కార్‌లోకి పోతుంది, ఉప్పును కూడా తనతో తీసుకుపోతుంది. చిన్న చెల్లెలు తన వంతు పని అక్కకు తోసేసినట్టున్నది గదూ! కొండల వాలు మీద, ఇప్పటి నీటి మట్టానికి చాలా ఎత్తున, మెట్లుమెట్లుగా గీతలు కనబడతాయి. పూర్వం నీరు అంత ఎత్తున ఉండి, క్రమంగా తగ్గిన ఒడ్డు గుర్తులవి.

మంచినీటి సరస్సు పక్క తేమనేలలో నల్లమెడ కొంగలు గూళ్ళు పెడతాయి. మనిషి నడుము దాటి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, తల మీద ఎర్రటి టోపీ. లడఖ్ తన రాష్ట్రపక్షిగా ఎంచుకున్నది దీన్నే. మేం చూసినప్పుడు జంట పక్షులు రెండూ, మధ్యన గోధుమరంగు పిల్ల ఒకటీ, మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాయి. తలపై నల్లచారలున్న పెద్దబాతులు కూడా ఉన్నాయి. ఈ జాతి బాతులు చలికాలంలో హిమాలయాల మీదుగా ఎగిరి దక్షిణాదికి వస్తాయి. మన మంజీరా జలాశయం మీద కూడా కనబడతాయి. సో కార్ సరస్సులను 2020లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలో చేర్చారు. ఈ పక్షులకు నక్కలూ తోడేళ్ళూ పాత శత్రువులు. కొత్త శత్రువులు వీధికుక్కలు. యాత్రికులూ విడుదులూ పారేసే తిండి తిని పెరిగిన కుక్కలు గూళ్ళలోని గుడ్లు, పిల్లలను తింటాయి. మా డ్రైవరు మాకు మొట్టమొదట చెప్పిన మాట, “బిస్కట్టు ముక్క కూడా కింద వెయ్యకండి” అని.

ఒడ్డుకు కాస్త దూరంలో ఒక గుడారం ఉన్నది. లోపలి నుంచి ముసలావిడ వచ్చి “జూలే!” అని పలకరించి, ఉప్పు వేసిన వెన్నటీ పోసింది. ఆవిడను డ్రైవరు ‘అబి-లే’ అని పిలుస్తూ మాకూ ఆవిడకూ మధ్య మాటలు మార్చి చెప్పాడు. పూర్వం చాంగ్‌పాలు ఈ ఒడ్డున ఉప్పు పోగుచేసి, గొర్రెల మీద చిన్న చిన్న సంచులు వేసి, ఒక్కో గొర్రెకు పది కిలోల దాకా, జన్‌స్కార్ వంటి పల్లపు ఊళ్ళకు తీసుకుపోయి యవలు మార్చుకునేవారు. పల్లెవాళ్ళకు ఉప్పు లేదు, వీళ్ళకు గింజలు లేవు. ఆ మార్పిడితోనే ఇద్దరికీ ఏడాది గడిచేది. రోడ్లు పడి, సముద్రపు ఉప్పు పొట్లాలలో రావటం మొదలయ్యాక ఆ వ్యాపారం పోయింది.

“ఇప్పుడు ఈ ఉప్పు ఎవరికి?” అని అడిగాను.

“మేకలు నాకుతాయి. మేం దుకాణం ఉప్పే వాడతాం. ఇది చేదు,” అన్నది ఆవిడ. పెచ్చు ముక్క నాలుక మీద వేసుకుని చూశాను. నిజమే. వట్టి ఉప్పు కాదు, చవుడు కలిసిన చేదు.

“మీ ఊరి ఉప్పు ఎక్కడిది?” అని ఆవిడ అడిగింది.

“సముద్రానిది. మా ఆంధ్ర తీరాన చినగంజాం దగ్గర మళ్ళు కట్టి పండిస్తారు,” అన్నాను. ఆవిడ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదట. ఎలా ఉంటుందని అడిగింది. నేను ఆలోచించి, ఒకప్పుడు, మనుషులు పుట్టకముందు, ఆ సముద్రం ఈ దేశంలోనే ఉండేదనీ, ఈ కొండల్లో కొన్ని దాని అడుగేననీ చెప్పాను.

ఆవిడ కొండల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నవ్వింది. “అయితే చేదు ఉప్పు మాకు పడేసి, మంచి ఉప్పు పట్టుకుని మీ దగ్గరకు వెళ్ళిందన్నమాట!”

సైన్సు సారు ఆయాసం కూడా మరిచి, అది సరికాదు, ఈ ఉప్పు వాగులు తెచ్చింది, ఆ సముద్రానిది కాదు అని వివరించబోయారు. డ్రైవరు ఆ వివరం ఎంతవరకు మార్చి చెప్పాడో నాకు తెలియదు. ఆవిడ మటుకు మా ఇద్దరి గిన్నెల్లో మళ్ళీ టీ నింపింది.